“ఒకసారి స్టేషన్‌కి వచ్చి పో” అని ఫోన్ వస్తే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ తమ్ముడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. ఈ సాయంత్రం స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేసి “రేపు పొద్దున ఒకసారి వచ్చి పో, ఎస్ఐ గారు మాట్లాడాలంటున్నారు” అన్నాడు. విషయం ఏమిటంటే “వస్తే తెలుస్తుందిగా” అన్నాడు. వెళ్ళాలా వద్దా? లాయర్ని వెంట తీసుకెళ్ళవచ్చా? ఫోను లాక్కుంటారా? కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టాలా? ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉన్నారనీ, బంధువు ఒకాయన “పది రోజులు హైదరాబాద్ పంపించెయ్యండి” అన్నాడనీ రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఊరు దాటొద్దు. ఫోన్ కాల్ ఒక్కటే వస్తే పరుగెత్తుకుని వెళ్ళి తీరాలని చట్టంలో లేదు. ఏ కేసులో, ఏ హోదాలో పిలుస్తున్నారో కాగితం మీద ఇవ్వమని మర్యాదగా అడగండి. కాగితం వస్తే ఆ రోజు, ఆ టైముకి తప్పకుండా వెళ్ళాలి, ఒంటరిగా మాత్రం కాదు. లోపల అబద్ధం చెప్పొద్దు. తనను కేసులో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంది. చదవని కాగితం మీదా, ఖాళీ కాగితం మీదా సంతకం వద్దు.

నేను గుంటూరు, విజయవాడ కోర్టుల్లో క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తాను. ఇలాంటి ఫోన్లు నాకు ఎక్కువగా రాత్రి ఎనిమిది దాటాకే వస్తాయి. అవతల గొంతు మొదట అడిగేది ఎప్పుడూ “వెళ్ళాలా వద్దా” అనే. నేను మొదట అడిగేది “ఎందుకు పిలిచారు, సాక్షిగానా, ముద్దాయిగానా, లేక ఎవరైనా అర్జీ పెట్టారా?” అని. చాలామందికి ఈ తేడా ఉందనే తెలియదు. మిగతా హక్కులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ హోదాలో పిలిచారు?

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (పోలీసులు, కోర్టులు కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ అందరి నోటా పాత నంబర్లే నడుస్తున్నాయి. “41ఏ నోటీసు ఇచ్చాం” అంటే ఇప్పుడు అది సెక్షన్ 35(3) నోటీసు. “161 స్టేట్‌మెంట్” అంటే సెక్షన్ 180 కింద ఇచ్చే వాంగ్మూలం. “160 నోటీసు” అంటే సెక్షన్ 179. నంబరు పాతదా కొత్తదా అని స్టేషన్‌లో వాదన పెట్టుకోకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సాక్షిగా పిలవాలంటే సెక్షన్ 179 ప్రకారం దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. అది కూడా తన స్టేషన్ పరిధిలోగానీ పక్క స్టేషన్ పరిధిలోగానీ ఉన్నవాళ్ళకే. అనుమానితుడిగా, అంటే నేరం చేశాడన్న ఫిర్యాదు ఉండి, వెంటనే అరెస్టు చేయాల్సిన అవసరం లేనప్పుడు, సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. మూడో రకం పిటిషన్ ఎంక్వైరీ. కేసు ఇంకా కట్టలేదు, ఎవరో అర్జీ పెట్టారు. సోమవారం ఎస్పీ ఆఫీసులో పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఇచ్చిన కాగితం ఆ స్టేషన్‌కి ఎండార్స్ అయి వస్తుంది, వాళ్ళు రెండు వైపుల వాళ్ళనూ పిలుస్తారు. “ఒకసారి వచ్చి పో” ఫోన్లలో చాలావరకు ఈ మూడో రకమే.

ఈ మూడో రకంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. ఎఫ్ఐఆర్ లేదు కాబట్టి ఏ రికార్డూ ఉండదు. అప్పు, చిట్టీ పాట, స్థలం హద్దు, వ్యాపార బాకీ లాంటి సివిల్ తగాదాల్లో డబ్బు వసూలు చేసిపెట్టే అధికారం పోలీసులకు లేదు. స్టేషన్‌లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ప్రామిసరీ నోటు రాయించడం, ఖాళీ చెక్కులు తీసుకోవడం జరుగుతుందని మనకందరికీ తెలుసు. మీ తమ్ముడిని పిలిచింది అర్జీ మీదైతే “అర్జీ కాపీ చూపించండి సార్, నా జవాబు రాతపూర్వకంగా ఇస్తాను” అని చెప్పి, జవాబు రాసిచ్చి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకుని రావాలి. మూడేళ్ళకు తక్కువ కాకుండా, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించాలని సెక్షన్ 173(3) చెబుతోంది. ఆ పేరు చెప్పి నెలల తరబడి తిప్పడానికి వీల్లేదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. “నోటీసు లేకుండా రాను, ఏం చేసుకుంటారో చేసుకోండి” అనే కుర్రాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, యూట్యూబ్ పుణ్యమా అని. మాట సరైనదే కావచ్చు, కానీ అది విన్న ఎస్ఐ మనసులో మీ తమ్ముడి స్థానం మారిపోతుంది. ఇలా చెప్పమనండి: “సార్, తప్పకుండా వస్తాను. ఏ కేసో, క్రైమ్ నంబరు ఎంతో చెప్పి ఒక నోటీసు ఇప్పించండి. కొట్టులో సెలవు పెట్టుకోవాలి, కాగితం చూపించాలి.” ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ తర్వాత కానిస్టేబుల్ పేరు, ఫోన్ వచ్చిన టైము ఒక చోట రాసి పెట్టుకోవాలి.

నంబరు చెబితే ఎఫ్ఐఆర్ మీరే చూసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి మాత్రం పెట్టరు.

ఇంకో సంగతి, ఆ ఫోన్ చేసింది నిజంగా పోలీసేనా? వీడియో కాల్‌లో యూనిఫాం, వెనకాల జెండా చూపించి “డిజిటల్ అరెస్ట్” అంటూ డబ్బు లాగే ముఠాల బారిన రిటైర్డ్ ఉద్యోగులు కూడా పడుతున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. అలాంటిదైతే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. మీకు వచ్చింది స్థానిక స్టేషన్ పేరుతో కాబట్టి, ఎవరినైనా స్టేషన్‌కి పంపి కనుక్కుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. మరోటి, సెక్షన్ 35 నోటీసును వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే వాట్సాప్‌లో వచ్చిందని చూసీ చూడనట్టు ఊరుకోమని నేను చెప్పను. “అందింది, చట్ట ప్రకారం కాగితం అందజేయండి, హాజరవుతాను” అని జవాబు పెట్టి ఉంచుకోవడం మేలు.

ఆడవాళ్ళు, అరవై దాటినవాళ్ళు

మీ తమ్ముడికి ఇది వర్తించదుగానీ, ఈ సమాధానం చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళను, 15 ఏళ్ళ లోపు మగపిల్లలను, 60 దాటిన మగవాళ్ళను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళను స్టేషన్‌కి రమ్మనకూడదు. వాళ్ళుండే చోటికే పోలీసులు వెళ్ళాలి. వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే అది వేరే సంగతి.

బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవారు. పక్కింటివాళ్ళ గోడ తగాదాలో సాక్షిగా రమ్మని పిలిచారు. పొద్దున పదికి వెళితే మధ్యాహ్నం రెండయినా బల్ల మీదే కూర్చోబెట్టారు, ఆయనకు షుగర్. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. నేను నాలుగు లైన్ల ఉత్తరం రాసిచ్చాను: నా వయసు ఇంత, సెక్షన్ 179 ప్రకారం నా ఇంటి దగ్గరే వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా ఇంట్లోనే ఉంటాను, చిరునామా ఇదీ. కింద ఆధార్ జిరాక్స్. ఆ సాయంత్రమే హెడ్ కానిస్టేబుల్ బండి మీద వచ్చాడు. మాస్టారి భార్య మంచినీళ్ళు, కాఫీ ఇచ్చింది. పావుగంటలో వాంగ్మూలం అయిపోయింది. ఆ హెడ్ కానిస్టేబుల్ మాస్టారి దగ్గరే చదువుకున్నాడట, వెళ్ళేటప్పుడు కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. అందరికీ ఇంత సాఫీగా జరుగుతుందని కాదు, కానీ ఒక ఉత్తరం ఇచ్చి చూడకుండానే బల్ల మీద కూర్చోవడం దేనికి?

ఆడపిల్లల విషయంలో నేను ఇంకొంచెం గట్టిగా ఉంటాను. విజయవాడలో ఒక లేడీస్ హాస్టల్లో గొలుసు పోతే, గదిలో ఉన్న నలుగురు అమ్మాయిల్నీ రాత్రి ఏడింటికి స్టేషన్‌కి రమ్మన్నారు. వార్డెన్ కూడా “వెళ్ళి రండమ్మా, ఏం కాదు” అంది. చట్టం ఒప్పుకోదు. ఇది కొత్తగా వచ్చిన హక్కు కూడా కాదు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందిని సత్పతిని ప్రశ్నించడానికి స్టేషన్‌కి పిలిచిన కేసులో 1978లోనే జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని తప్పు పట్టారు. ఆ అమ్మాయిల్ని మర్నాడు ఉదయం హాస్టల్ ఆఫీసు గదిలోనే మహిళా కానిస్టేబుల్ ఎదుట మాట్లాడించారు. అరెస్టు చేయాల్సి వచ్చినా సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళలను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకుని చేయాలి.

35(3) నోటీసు వస్తే భయపడాలా?

నిజం చెప్పాలంటే, ఆ నోటీసు ఒక రకంగా రక్షణ. “నిన్ను ఇప్పుడు అరెస్టు చేయడం అవసరం లేదు, వచ్చి సహకరించు” అని పోలీసులే రాసి ఇచ్చినట్టు. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసి రికార్డు చేస్తే తప్ప, ఆ నేరంలో అరెస్టు చేయకూడదు. వెళ్ళకుండా ఎగ్గొడితే మాత్రం అదే అరెస్టుకు కారణమవుతుంది. అందుకే మీ బంధువు చెప్పిన హైదరాబాద్ సలహా పనికిరాదన్నది. ఆ పది రోజులూ రికార్డులో “పరారీలో ఉన్నాడు” అని ఎక్కుతుంది. తర్వాత ముందస్తు బెయిల్ కోసం నేలపాడు హైకోర్టు దాకా వెళ్ళినా ప్రభుత్వ న్యాయవాది మొదట చదివేది ఆ వాక్యమే.

మీ తమ్ముడి కొట్టు వ్యవహారం నేను ఊహిస్తున్నాను, తప్పయితే వదిలేయండి. యార్డులో ఇలాంటి కేసు సాధారణంగా రైతు ఇచ్చే ఫిర్యాదుతో మొదలవుతుంది: ఇన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వేశాను, డబ్బు ఇవ్వలేదు అని. అప్పుడు పెట్టే సెక్షన్లు మోసం, నమ్మకద్రోహం. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318(4), 316. గుమాస్తా చేసిన నమ్మకద్రోహానికి 316(4) ప్రత్యేకంగా ఉంది. ఇవి రెండూ ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరాలు. ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, అవసరం ఏమిటో రాయాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో దాన్నే ఇంకా గట్టిగా చెప్పింది. అంటే మీ తమ్ముడి కేసు ఇలాంటిదే అయితే సాధారణంగా జరగాల్సింది నోటీసు, విచారణ. హత్య, డెకాయిటీ లాంటివి అయితే ఈ లెక్క వర్తించదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. యజమాని పెట్టిన లాయరు యజమాని లాయరే. “మా సేటు గారు మంచి లాయర్ని పెడుతున్నారు, మనకెందుకు” అనుకుంటే కష్టం. రైతు డబ్బు ఎవరు ఆపారన్న ప్రశ్న వచ్చినప్పుడు యజమానికీ గుమాస్తాకూ దారులు వేరవుతాయి. “అదంతా మా గుమాస్తా చూసుకునేవాడు” అనే ఒక్క వాక్యం చాలు. మీ తమ్ముడు తాను చేసిన పని గురించి, తన కళ్ళతో చూసినదాని గురించి మాత్రమే చెప్పాలి. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) తను రాశాడా, రాశానని చెప్పాలి. డబ్బు ఎందుకు ఆగిందంటే, తెలియకపోతే “నాకు తెలియదు, డబ్బు విషయాలు యజమాని చూస్తారు” అని ఆపేయాలి. యజమాని మీద ప్రేమతోనో భయంతోనో ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోకూడదు.

పుస్తకాలు తెమ్మంటే దానికీ కాగితం ఉండాలి. పత్రాలు తెప్పించుకోవడానికి సెక్షన్ 94 ఉంది. కొట్టు లెక్కల పుస్తకం మీ తమ్ముడిది కాదు, యజమానిది. ఆయనకు చెప్పకుండా తీసుకెళ్ళి ఇవ్వడం రెండు వైపులా తలనొప్పి. ఇచ్చినప్పుడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని పేజీలు అన్నది రాయించుకుని రసీదు తీసుకోవాలి.

బయటి రాష్ట్రం నోటీసుల గురించి కూడా ఒక మాట. ఇంజనీరింగ్ పిల్లలు స్నేహితుడు అడిగాడని బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ఇచ్చేస్తారు. సైబర్ మోసం డబ్బు అందులోంచి వెళుతుంది. ఎక్కడో గుజరాత్ నుంచో రాజస్థాన్ నుంచో నోటీసు వస్తుంది. సాక్షులకున్న పరిధి నిబంధన నిందితుడికి లేదు, వెళ్ళక తప్పదు. కానీ పరీక్షలు, టికెట్లు, దూరం కారణంగా కొత్త తేదీ అడగవచ్చు. ఈమెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ అడగాలి. అడిగినట్టు ఆధారం ఉంటే “హాజరు కాలేదు” అన్న మాట నిలవదు.

లోపల ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. నందిని సత్పతి కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలో కూడా ఉందని చెప్పింది. సెక్షన్ 180 కూడా అదే అంటుంది: అడిగిన ప్రశ్నలకు నిజం చెప్పాలి, తనను నేరారోపణకు గురిచేసే ప్రశ్నలకు తప్ప. అంటే పేరు, ఊరు, ఉద్యోగం చెప్పనంటే కుదరదు. “ఈ ప్రశ్నకు లాయర్ని అడిగి చెబుతాను సార్” అనడం మాత్రం నేరం కాదు. నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో తేలిపోయింది.

మౌనానికీ అబద్ధానికీ తేడా ఎంతుందో ఒక కేసు చెబుతాను. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పాత బైకు ఇంజను ఒకటి కొన్నాడు. బిల్లు లేదు, చవగ్గా వచ్చింది. బండి దొంగతనం కేసులో అతణ్ణి పిలిచింది సాక్షిగానే, ఎవరు అమ్మారో చెప్పమని. బిల్లు లేదన్న భయంతో “నేనసలు కొనలేదు, అతనెవరో నాకు తెలియదు” అన్నాడు. దర్యాప్తు అధికారి ఏమీ అనలేదు, పంపించేశాడు. వారం తర్వాత అమ్మినవాడి ఫోన్‌లో యూపీఐ చెల్లింపు బయటపడింది, తేదీ, టైముతో సహా. అప్పుడు మెకానిక్ దొంగసొత్తు కొన్న ముద్దాయి అయ్యాడు. దొంగసొత్తని తెలిసి కొన్నాడనడానికి పోలీసులు చూపించిన పెద్ద ఆధారం అతను మొదట ఆడిన అబద్ధమే. “కొన్నాను, బిల్లు తీసుకోలేదు, ఇంత ఇచ్చాను” అని ఉంటే సాక్షిగానే మిగిలేవాడని నా అభిప్రాయం. బిల్లు సంగతి చెప్పడం ఇబ్బందనిపిస్తే లాయర్ని అడిగి చెబుతానని ఆగినా సరిపోయేది.

సంతకాల సంగతి

సెక్షన్ 180 కింద ఇచ్చిన వాంగ్మూలం మీద ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టనక్కర్లేదు. సెక్షన్ 181 ఆ మాటే చెబుతుంది. కాబట్టి “నువ్వు చెప్పిందే రాశాం, సంతకం పెట్టు” అంటే “181 ప్రకారం అవసరం లేదంటారు కదా సార్” అని నెమ్మదిగా అనొచ్చు. హాజరైనట్టు, నోటీసు అందినట్టు పెట్టే సంతకాలు వేరు, అవి పెట్టాలి. పెట్టేటప్పుడు పక్కన తేదీ, టైము వేయాలి.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నానన్న కాగితం కోర్టులో చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 చెప్పేది అదే. ఇది చాలామందికి తెలుసు. అందులోనే ఒక మినహాయింపు ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకు ఆ మాట సాక్ష్యమే. మన జిల్లాల్లో మధ్యవర్తుల రిపోర్టులు (సాక్షుల ఎదుట వస్తువు దొరికిందని పోలీసులు రాసే కాగితాలు) అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. వీఆర్వోలు ఇద్దరు మధ్యవర్తులుగా వస్తారు, “ముద్దాయి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించగా” అని మొదలయ్యే వాక్యం ఉంటుంది. విచారణలో పదేళ్ళ శిక్ష పడినా, కేసు కొట్టేసినా చాలాసార్లు ఆ రిపోర్టు ఎలా రాశారన్న దాని మీదే. అందుకని ఎక్కడికీ వెళ్ళకుండానే “వెళ్ళి చూపించగా” అన్న కాగితం ముందుకొస్తే సంతకం పెట్టకూడదు. బలవంతంగా పెట్టించుకుంటే, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టిన మొదటి రోజే ఆ మాట చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత చెబితే లాయరు నేర్పాడంటారు.

సోదాలు, స్వాధీనాలు ఇప్పుడు వీడియో తీయాలి, సెక్షన్ 105 ప్రకారం. మీ ఇంటికి వస్తే “వీడియో తీస్తున్నారా సార్” అని అడగడం, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా కాపీ తీసుకోవడం మరిచిపోకండి.

ఫోను గురించి అడిగారు. కేసుతో సంబంధం ఉందని అనుమానం ఉంటే స్వాధీనం చేసుకోవచ్చు, జాబితా రాసి, కాపీ ఇచ్చి. ఊరికే “ఫోన్ ఇటివ్వు” అని గ్యాలరీ, వాట్సాప్ తిరగేయడం అది కాదు. పాస్‌వర్డ్ చెప్పమని నిర్బంధించవచ్చా అన్న దాని మీద కోర్టుల తీర్పులు ఒకే దారిలో లేవు, కాబట్టి ఆ క్షణంలో లాయర్ని అడిగే చెబుతానని ఆగడమే సరైన పని. మెసేజ్‌లు చెరిపేసి మాత్రం వెళ్ళొద్దు. చెరిపినట్టు తెలిసిపోతుంది, అవతలి ఫోన్‌లో ఎలాగూ ఉంటాయి, చెరిపిన పనే కొత్త నేరంగా తగులుకుంటుంది.

లాయరు లోపలికి రావచ్చా?

అరెస్టయిన వ్యక్తికి విచారణ సమయంలో తనకు నచ్చిన న్యాయవాదిని కలిసే హక్కు సెక్షన్ 38 ఇస్తుంది. కానీ విచారణ జరిగినంత సేపూ పక్కన కూర్చునే హక్కు కాదు. నోటీసు మీద వెళ్ళినవాడి విషయంలో చట్టం ఇంత విడమరిచి చెప్పలేదు. ఆచరణలో నేను చేసేది: వెంట వెళ్ళి, ఎస్ఐ గారికి నన్ను పరిచయం చేసుకుని, వరండాలో కనబడేచోట కూర్చుంటాను. చాలామంది అధికారులు అభ్యంతరం చెప్పరు. బయట ఒక మనిషి టైము చూసుకుంటూ కూర్చున్నాడన్న సంగతికే లోపల మాట తీరు మారుతుంది. లాయరు దొరక్కపోతే కుటుంబంలో కాస్త నిదానస్తుడిని పంపండి. ఆవేశపడే బావమరిదిని మాత్రం వద్దు.

డబ్బుల్లేక లాయర్ని పెట్టుకోలేకపోతే 15100 జాతీయ న్యాయ సేవల నంబరు. గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం కింద హక్కు. అరెస్టుకు ముందు దశలో కూడా సాయం అడగవచ్చు.

వెళ్ళినవాడు తిరిగి రాకపోతే

అరెస్టు చేస్తే అరెస్టు మెమో రాయాలి. కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో పేరున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి. కారణాలు చెప్పాలి. ఆ కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు ఈమధ్య తీర్పుల్లో స్పష్టం చేసింది. బంధువులకు తెలియజేయాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్ళాలి. వీటిలో చాలావరకు 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పుతో గట్టిపడి, తర్వాత చట్టంలోకే ఎక్కాయి.

అసలు చిక్కు ఎక్కడంటే, అరెస్టు చూపించకుండా “ఊరికే కూర్చోబెట్టాం” అనడంలో. రెండు రోజులు కూర్చోబెట్టి మూడో రోజు అరెస్టు టైము వేస్తారు. బయటికి వెళ్ళనివ్వకపోతే అది నిర్బంధమే, పేరు ఏం పెట్టినా. వెనకటి సీనియర్లు ఇలాంటప్పుడు రాత్రికి రాత్రి పోస్టాఫీసుకెళ్ళి మేజిస్ట్రేట్‌కీ, ఎస్పీకీ టెలిగ్రాం కొట్టేవాళ్ళు. ఫలానా వాడు ఫలానా టైము నుంచి స్టేషన్‌లో ఉన్నాడన్నదానికి అది తిరుగులేని రుజువు. 2013లో టెలిగ్రాం సర్వీసు మూతపడింది. ఇప్పుడు నేను చేయించేది 112కి కాల్ చేసి పేరు, స్టేషన్ చెప్పడం, ఎస్పీకి, విజయవాడ అయితే పోలీస్ కమిషనర్‌కి ఈమెయిల్, మర్నాడు అదే కాపీ రిజిస్టర్డ్ పోస్టులో. ఈమెయిల్ మీద టైము దానంతటదే పడుతుంది. అప్పటికీ కదలిక లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్.

సీసీ కెమెరాలు కూడా గుర్తుంచుకోండి. ప్రతి స్టేషన్‌లో గొంతు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, దృశ్యాలు భద్రపరచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏదైనా జరిగిందనిపిస్తే ఆ తేదీ, ఆ గంటల ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ఆలస్యమైతే “కెమెరా పనిచేయలేదు” అన్న జవాబు వస్తుంది. చేయి చేసుకుంటే, అరెస్టు తర్వాత చేసే వైద్య పరీక్షలో డాక్టరుకు దెబ్బలు చూపించి రాయించుకోవాలి. తర్వాత మేజిస్ట్రేట్ “పోలీసులు కొట్టారా” అని అడుగుతారు. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూసి తల అడ్డంగా ఊపేవాళ్ళను ఎంతమందిని చూశానో.

పోలీసులందరూ ఇలాగే ఉంటారని నేను అనడం లేదు. నాకు తెలిసిన ఎస్ఐల్లో నోటీసు అడిగితే “మంచిదే, నా ఫైలుకీ కావాలి” అని రాసిచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీదా పని ఒత్తిడి ఉంది.

మీ తమ్ముడి విషయంలో రేపు చేయాల్సింది: పొద్దున్నే ఆ కానిస్టేబుల్‌కి తనే ఫోన్ చేసి, పైన చెప్పినట్టు నోటీసు అడగాలి. “ముందు రా, ఇక్కడే ఇస్తాం” అంటే పగటి పూట, మీరో ఇంకెవరైనా వెంట ఉండి వెళ్ళి, లోపలికి వెళ్ళకముందే కాగితం తీసుకోవచ్చు. ఆధార్ జిరాక్స్, రోజూ వేసుకునే మందులుంటే అవి, నా లాంటి ఒకరి ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని. ఫోను తీసుకుంటే అందులోని నంబర్లు గుర్తుకు రావు కదా. లోపలికి వెళ్ళిన టైము మీకు మెసేజ్ పెట్టాలి.

నోటీసు చేతికొచ్చాక అందులో 179 అని ఉందో 35(3) అని ఉందో, కింద ఏ సెక్షన్లు వేశారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి ముందస్తు బెయిల్ వేయాలా అక్కర్లేదా చెబుతాను. ఫోటో పెట్టేట్లయితే పేర్లు, క్రైమ్ నంబరు చెరిపేసి పెట్టండి.